ఎస్తర్ టీచరు తలుపు మీది నంబరు

ముందే ఒప్పేసుకుంటే దెబ్బలు తగ్గుతాయంటారు. జమ్మలమడుగులో ఎస్తర్ టీచరు ఫోన్ నుంచి చర్చి గ్రూపులోకి, "ఆదివారం ఆరాధన అయినాక మా ఇంట్లో అందరికీ బిర్యానీ, గిన్నెలు మీరే తెచ్చుకోండి" అని పెట్టింది ఈ రాసేవాడే. అద్దం పగిలిందని ఆమె ఈ రాసేవాడు పనిచేసే రిపేరు అంగడిలో ఇచ్చిపోయిన ఫోను అది. కాసేపు నవ్వుకుని తీసేద్దామనే అనుకున్నాడు. అంతలో టీచరు వచ్చి ఫోను పట్టుకుపోయింది.

ఫోను తెరిచే నంబరు ఎవరు చెప్పారంటే, ఆమె ఇంటి తలుపే. కొత్త సంవత్సరం ఆరాధనలో ఒక్కో కుటుంబం ఒక్కో వాగ్దానం కార్డు తీసుకుని ఏడాదంతా తలుపుకు అంటించుకుంటుంది. టీచరుకు వచ్చింది కీర్తనల గ్రంథం ముప్పై నాలుగో అధ్యాయం, పదిహేడో వచనం. ఈ రాసేవాడు 3417 కొట్టాడు. అంతే.

ఎస్తర్ టీచరు ముప్పై ఒక్క ఏళ్లు మూడో తరగతికి చదువు చెప్పింది. పక్కవాడి పలక చూసి రాసినవాణ్ణి తప్పుల్ని బట్టే పట్టేసేది. అలాంటి మనిషి ఫోను రెండు రోజులు టింగుటింగుమంటూనే ఉంటే, పైపైన చూసింది. వరసగా "ఆమేన్", "ఆమేన్". ఎవరిదో ప్రార్థన అంశం అనుకుని తానూ ఒక ఆమేన్ పెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం గుమ్మం ముందు నలభై మంది. అందరికంటే ముందు పక్కవీధి యేసమ్మ, పెళ్లికి వండే దబరతో.

"ఏంది యేసమ్మా, మీ వీధిలో నీళ్లు రాల్యా?"

"నీళ్లెందుకక్కా? ముక్కలు బాగా పడతాయని పెద్దదే తెచ్చినా."

యేసమ్మ చూపించిన మెసేజీ చదివి టీచరు తెల్లబోయింది. "నేను పెట్టల్యా!"

"నీ ఫోటో ఉండాది, నీ పేరుండాది. మళ్ల పెట్టిందెవరు, దేవదూతనా? కింద ఆమేన్ గూడా అంటివి గదా!"

అందరూ నవ్వారు. టీచరు నవ్వలేదు. ఆమె మనవరాలు జీవిత పులివెందులలో ఇంజనీరింగ్ చదువుతోంది. ఆ పిల్ల కాగితాలన్నీ ఆ ఫోన్లోనే ఉన్నాయి. ఆధార్, మార్కుల మెమోలు, సంతకంతో సహా. స్కాలర్‌షిప్ కోసం దాచిన ఫోటోలు. లోపలికి దూరినవాడు వాటిని వదిలిపెట్టి ఉంటాడా? వాటితో పిల్ల పేరున సిమ్ తీసి ఎవరినో ముంచితే, పోలీసులు వచ్చేది పిల్ల హాస్టలుకే.

ఆమె చూపు తలుపు మీది కార్డు దగ్గర ఆగిపోయింది.

"జయప్రకాషూ, నీ ఫోను ఇట్ల తా."

గిన్నెతో వచ్చినవాళ్లలో ఒకడైన జయప్రకాష్ కలమల్ల దగ్గర కరెంటు ప్లాంటులో పనిచేస్తాడు. టీచరు నాలుగంకెలు నొక్కింది. తెరుచుకుంది. సంఘంలో అందరి కార్డులూ రాసింది ఆమే కాబట్టి వచనాలన్నీ కంఠతా వచ్చు. తొమ్మిది ఫోన్లు అడిగి తీసుకుంటే ఏడు అలాగే తెరుచుకున్నాయి. మిగిలిన రెండూ పోయినేడాది వచనంతో తెరుచుకున్నాయి.

"దేవుడు కాపాడతాడని రాసిస్తి గానీ తాళంచెవి గడప మీద పెట్టమంటినా? అందరికంటే ముందు నేనే పెట్టినా, సిగ్గుల్యాక!" అంటూ జీవితకు ఫోన్ చేసింది.

"పాపా, నీ తాళం నంబర్లన్నీ ఇప్పుడే మార్చుకో."

"ఉండు. నువ్వు మా జేజివేనని ఏం నమ్మకం? ఇప్పుడు గొంతులు గూడా తయారు చేస్తాండారు. నేను రెండో తరగతిలో బడికి పోనని ఎందుకు ఏడిస్తి?"

"మీ నాయన కత్తిరించిన జుట్టు చూసి పిల్లోళ్లు నవ్వుతారని!"

"జేజివే. ఇప్పుడు చెప్పు."

మనవరాలు చెబుతుంటే టీచరు పాప ఆధార్‌లో వేలిముద్రలను ఎవరూ వాడకుండా తాళం వేసింది. వాట్సాప్‌కు ఇంకో రహస్య నంబరు పెట్టింది. కాగితాల ఫోటోలు తీసేసింది. గిన్నెలతో వచ్చినవాళ్లు ఒకరికొకరు వీపులు తిప్పుకుని, కొత్త నంబర్లు పెట్టుకుని, ఇంటికి పోయి సద్ది తిన్నారు.

టీచరు దిగులు మాత్రం పోలేదు. ఈసరికే ఎవడి చేతికో పోయిన ఫోటోలను ఎలా తీసేయాలి? వారం రోజులు పొద్దునా సాయంత్రం పులివెందులకు ఫోను. "పాపా, ఎవరన్నా వచ్చి అడిగినారా?"

ఆ మాట చెవిన పడ్డాక ఈ రాసేవాడికి అంగడిలో కాలు నిలవలేదు. వెళ్లి గుమ్మం ముందు నిలబడ్డాడు.

"టీచరమ్మా, ఆ మెసేజీ పెట్టింది నేనే. పాప కాగితాలు ముట్టుకోల్యా, ఒట్టు."

ఆమె చెయ్యి చాపింది.

"నీ ఫోను తా. నంబరు చెప్పు. ఉండాయో లేవో నేనే చూసుకుంటా."

"అట్లెట్ల టీచరమ్మా? దాంట్లో నా సొంత విషయాలు శానా ఉంటాయి."

"మళ్ల నా దాంట్లో ఉండేవి ఊరుమ్మడి సొమ్మనుకుంటివా రా?"