టేపు చివర నాలుగు నిమిషాలు

దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు విసుగు. భయం కూడా కాదు, విసుగే. నరసరావుపేట బస్టాండు దగ్గర చిన్న కొట్లో కూర్చుని ముప్పై అయిదేళ్లుగా పోయినవాళ్ల గొంతులు వింటున్నాను. ఒక్కరూ లేచొచ్చి నన్ను పలకరించలేదు.

మొదట్లో క్యాసెట్లలో సినిమా పాటలు ఎక్కించేవాణ్ణి. తర్వాత సీడీలు, ఆ తర్వాత మెమరీ కార్డులు. ఇప్పుడు పాటల కోసం ఎవరొస్తారు? జిరాక్సులు తీసుకుంటున్నాను. ఎప్పుడైనా ఎవరైనా పాత క్యాసెట్ తెస్తే కంప్యూటర్లోకి ఎక్కించి, వెనకాల 'శ్'మనే హోరు తీసేసి ఇస్తాను. ఇప్పటి రికార్డింగుల్లో ఆ హోరే ఉండదు. పాడేవాళ్లు ఊపిరి పీల్చిన చప్పుడు కూడా కోసేస్తున్నారు. శుభ్రంగానే ఉంటుంది, వినబుద్ధి కాదు. నాకే వయసైపోయిందేమో.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం ఎడ్లపాడు నుంచి సలోమి అక్క వచ్చింది. రిటైరైన టీచరు. అంతకుముందు నాకు పరిచయం లేదు. ఆమె తెచ్చిన క్యాసెట్లో, రెండో వైపు చివర, వాళ్లమ్మ పాడిన చర్చి పాట ఉందట. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఆ గొంతు మరెక్కడా లేదు.

"నా చెవులు పోతన్నయ్ అబ్బాయ్. మిషను పెట్టుకున్నా సరిగా ఇనపడట్లా. పూర్తిగా పోకముందే మా అమ్మ పాట ఒక్కసారి ఇనాల," అంది.

క్యాసెట్ అందుకుని చూశాను. అట్ట మీద సినిమా పాటల జాబితా నా చేతిరాతే. దాచుకోవాల్సిన క్యాసెట్‌ని ఎవరూ చెరపకుండా వెనక అంచున ఉండే రెండు బుల్లి ప్లాస్టిక్ రేకులు విరగ్గొట్టేవాళ్లు. దీనికీ విరగ్గొట్టి ఉన్నాయి. ఆ కన్నాల మీద సెల్లోటేపు ముక్కలు అంటించి ఉన్నాయి. అదీ నా పనే. అలా మూసేస్తే మళ్లీ రికార్డు అవుతుంది. లోపల ఏముందో వినే ఓపిక ఎక్కడిది? రోజుకి పది క్యాసెట్లు నింపేవాణ్ణి.

వేసి చూశాను. రెండో వైపు చివర నాలుగు నిమిషాలు ఉత్త హోరు. ఆఖరి పాట అయిపోయాక కూడా రికార్డు చేసే డెక్కు ఆపకుండా టీకి పోవడం నాకు అలవాటు. అంటే వాళ్లమ్మ పాటని ఇంకో పాట కోసం కూడా కాదు, ఊరికే చెరిపేశాను.

ఉన్న నిజం చెప్పేశాను. ఆమెకి వినపడేలా రెండుసార్లు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"మా తమ్ముడు పాటలెక్కించమని తెచ్చుంటాడులే. నీకేం తెలుసు," అంది. నాలుగు తిట్టినా బాగుండేది.

హోరు తీసేసి వినిపించాను. ఏం లేదంది. తీయకుండా పెట్టమంది. చెవి మిషను పక్కన పెట్టి హెడ్‌ఫోన్స్ తగిలించుకుంది. నేను స్పీకర్ కూడా పెట్టాను. నాకు హోరు తప్ప ఇంకేం వినపడలేదు.

కాసేపటికి ఆమె వేళ్లు బల్ల మీద తాళం వేయడం మొదలుపెట్టాయి. పెదవులు కదిలాయి. "ఇక్కడ దగ్గుద్ది చూడు," అంది.

కంప్యూటర్ తెర నా వైపు తిరిగి ఉంది, ఆమెకి కనపడదు. అప్పటిదాకా అడుగునే ఉన్న పచ్చగీత, శబ్దాన్ని కొలిచేది, మూడుసార్లు పైకి ఎగిరింది. స్పీకర్లో మాత్రం అదే హోరు.

అయిపోయాక హెడ్‌ఫోన్స్ తీసి భోరుమంది. "చివర్న నన్ను పిలిచింది అబ్బాయ్. అన్నం చల్లారిపోతంది, రమ్మంది."

ఆమె వెళ్లాక ఎన్నిసార్లు పెట్టి చూశానో. కేబుల్ మార్చాను, ఇంకో కంప్యూటర్లో చూశాను. గీత కదల్లేదు.

ఇప్పుడామెకి లారీ హారన్ కూడా వినపడదు. అయినా నెలకోసారి బస్సెక్కి వస్తుంది. ఫోన్లో వేసిచ్చాను గానీ అందులో అమ్మ పలకడం లేదంటుంది. నా కొట్లో కూర్చుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, దగ్గు దగ్గర వేలెత్తుతుంది. అప్పుడు మాత్రం గీత మూడుసార్లు ఎగురుతుంది. ఎందుకో నాకు తెలియదు. తెలిసినవాళ్లని అడిగితే నవ్వారు.

మొన్న వచ్చినప్పుడు కాగితం మీద రాసి అడిగాను, నాకెందుకు వినపడదక్కా అని. చదివి, హెడ్‌ఫోన్స్ తీసి నా తలకి పెట్టింది. కళ్లు మూసుకుని నాలుగు నిమిషాలూ విన్నాను. హోరే.

చెరిపే ముందు ఒక్కసారి విని ఉంటే ఆ గొంతు ఎలా ఉంటుందో నాకూ తెలిసేది.