పదహారుకు పదహారు

కోడుమూరు దగ్గర మిషను బడిలో లెక్కలు చెప్పే లేవి పంతులు ఎంతటి మొద్దు పిల్లవాడికైనా భిన్నాలు ఎక్కించగలడు. ఒక్క మనిషి చేత మాత్రం లెక్క ఒప్పించలేకపోయాడు. ఆ మనిషి ఆయన తల్లి వరమ్మ.

ఆ ఏడు వానలు తగ్గాక ఆమెకు చలిజ్వరం పట్టుకుంది. రోజు విడిచి రోజు వచ్చేది. వచ్చిన రోజున సంఘపెద్ద లాజరు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవాడు. తెల్లవారితే ఒళ్ళు చల్లగా ఉండేది. "స్వస్థత!" అనేవాడు లాజరు. ఆ మర్నాడు మళ్ళీ వణుకు. "విశ్వాసం రవ్వంత తగ్గింది" అనేవాడు. మనిషి ఎండి పుల్లవుతోంది. ఆ రోజుల్లో చలిజ్వరానికి తపాలా ఆఫీసులో అమ్మే క్వినైను పొట్లాలు గూట్లో అట్లాగే ఉన్నాయి. దేవుడు బాగుచేస్తుంటే మందు మింగడం ఆయన్ను అనుమానించడమేనని ఆమె పట్టు.

లేవి వంటింటి గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టాడు. ప్రార్థన చేసిన రోజులు పదహారు. మర్నాడు జ్వరం రానివీ పదహారే. అదే ఆయన చేసిన పొరపాటు.

"పదహారుకు పదహారు! నీ చేత్తోనే రాసినావు గదప్పా!" అన్నాడు లాజరు.

"వినన్నా! మీరు ప్రార్థన చేసేది జరమొచ్చిన నాడే. మర్నాడు అదెట్లా రాదు. ఆ నాడు రోటికి మొక్కినా పదహారుకు పదహారే! జరం లేని నాడు చేసి చూడండి, మర్నాడు ఒక్కసారన్నా జరం ఆగితే నన్నడగండి."

"జరం లేకుంటే ప్రార్థన ఎందుకప్పా?" లాజరు నిజంగానే ఆశ్చర్యపోయాడు.

లేవి జుట్టు పీక్కున్నాడు. చివరికి ఒక్క జ్వరం రోజు ప్రార్థన మానేట్టు ఇద్దరినీ ఒప్పించాడు. మర్నాడు తల్లి నుదురు చల్లగా తగిలింది. "చూడమ్మా! ప్రార్థన లేకుండానే పోయిండాది!"

వరమ్మ తల దించుకుంది. "వణుకులో ఆగలేక లోపల్లోపల ప్రార్థన చేసుకుంటి నాయనా. లాజరు ఈడికి రాలేదు గానీ, వాళ్ళింటి కాడ సంఘమంతా మోకాళ్ళ మీద కూచున్నారంట. నీ కోసం గూడా చేసినారంటలే."

ఆ సాయంత్రం లేవి లోటాలో మందు కలిపి మంచం దగ్గర నిలబడ్డాడు. ఎన్ని మోతాదులు పడితే జ్వరం ఆగుతుందో, కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూ లెక్క వేసుకుంటున్నాడు.

"ప్రార్థన చేస్తాండావా నాయనా?" అంది వరమ్మ. చెయ్యి చాచి లోటా అందుకుంది.

లెక్క అని చెప్పడానికి నోరు తెరిచాడు. లోటా ఆమె పెదాల దగ్గర ఆగి ఉంది.

"అవునమ్మా."

"అయితే ఆమెన్ అను. తాగుతా."

అన్నాడు. ఆ పూటే కాదు, వారం పాటు పూటపూటా అన్నాడు. జ్వరం మళ్ళీ రాలేదు.

అప్పుడు గోడ మీద 'మందు' అని కొత్త వరుస గీసి, గీత పెట్టబోయాడు.

"ఆ ప్రార్థన వరుసలో పెట్టు నాయనా," అంది వెనక నుంచి వరమ్మ. "ఈ తూరి ప్రార్థన చేసింది నువ్వే గద!"

లేవి బొగ్గు తీసుకెళ్ళి పొయ్యిలో పడేశాడు.