బర్రె పులిపిర్లూ, మా ఇంటి క్యాన్సరూ

తొంభైల మొదట్లో ఒక పొద్దున, బర్రె పాలు పిండి లేచిన నా భార్య శాంత చీర మీద నెత్తుటి మరక చూశాను. ఆమెకు ముట్లాగి అప్పటికే ఏళ్లయింది.

"వేడి చేసిందేమో. గింతదానికి పరేషానెందుకు?" అంది.

బడిపంతుల్ని, డైరీ రాసే అలవాటుంది. ఆ రోజు ఒక్క మాటే రాశాను: అనుమానం. వారం తిరగకముందే మెట్‌పల్లిలో కరీంనగర్ బస్సెక్కించాను. బయాప్సీ తీశారు. సర్విక్స్ (గర్భసంచి ముఖద్వారం) క్యాన్సర్, సెకండ్ స్టేజ్. హైదరాబాద్ పొమ్మన్నారు.

అక్కడి డాక్టరమ్మ ఓపికగా చెప్పారు. "ఇది పులిపిర్ల జాతి వైరస్‌తోటి వస్తది. సెల్ అడ్డగోలుగా పెరగకుండ ఆపే ప్రోటీన్లు మన ఒంట్లనే ఉంటయి. వైరస్ ప్రోటీన్ పోయి వాటిని పట్టుకుంటది. ఇగ బ్రేకులు పడవు."

మా బర్రె పొదుగుకు పులిపిర్లున్నాయి. దాని నుంచి వచ్చిందా అని అడిగాను.

"పశువులది వేరే వైరస్, దీనికి దాయాది లెక్క. అదీ సెల్ ప్రోటీన్లనే పట్టుకుంటది గని, మీకు రాదు. ఇది మనుషులదే. ఆలుమగల నడుమ వస్తది, తిండితోటి రాదు. ఎన్నేండ్ల కిందటిదో చెప్పలేం."

రేడియేషన్ మొదలైంది. నడుమ రక్తం తగ్గి కొన్నాళ్లు ఆపారు. విరేచనాలతో మనిషి సగమైంది. చూడలేక, "ఇగ చాలిద్దామా?" అన్నాను.

"బర్రెను అమ్మినవా?" అంది శాంత.

"లేదు."

"మరి దాన్నెవరు పిండాలె? కానియ్యమను."

అసలు పోరు రేడియేషన్ పూర్తయి ఇంటికొచ్చాక మొదలైంది. వైరస్, పులిపిర్లు అని నేను చెప్పిన మాట, బర్రె అంటించిందని వాడంతా తిరిగింది. పాలు పోయించుకునేవాళ్లు మానేశారు. పక్కింట్లోనే ఉండే మా చెల్లె రాజమణి వదినకు గ్లాసు వేరే పెట్టింది. సద్దుల బతుకమ్మ నాడు శాంత ప్రసాదంగా పల్లి సత్తు పంచబోతే, ఆడవాళ్లు చేతులు కొంగుల్లో దాచుకున్నారు. బతుకమ్మ మోసుకొచ్చిన నేను పక్కనే ఉన్నాను.

"గిది బర్రె నుంచి రాలే, తిండితోటి రాదు" అన్నాను అందరూ వినేలా. "ఆలుమగల నడుమ వచ్చేది. నా నుంచే వచ్చిందేమో! రాజమణీ, పొద్దున నాకు చాయ్ ఏ గ్లాసుల ఇచ్చినవ్? వేరే పెట్టేదుంటే ముందుగాల నాది పెట్టు."

"ఓ సారూ, ఆడోళ్ల నడుమ గిదేం ముచ్చట!" అని ఒక ముసలామె నోరు నొక్కుకుంది.

"సారును తర్వాత తిడుదురుగని, చేతులు పట్టుండ్రి. నాకు కాళ్లు గుంజుతున్నయి" అంది శాంత.

మొదట చెయ్యి చాపింది రాజమణే.

చాలా ఏళ్లయింది. చెకప్‌లకు పోతూనే ఉన్నాం. బర్రె పులిపిర్లు వాటంతటవే రాలిపోయాయి. పాలు ఇప్పటికీ శాంతే పిండుతుంది.

ముట్లాగాక నెత్తురు కనబడితే వేడి అనుకోకండి, వెంటనే పరీక్ష చేయించండి. మగవాళ్లు ఆసుపత్రి వరండాలో ఆగిపోకండి. లోపలికి వెళ్లి డాక్టరు మాట మీ చెవులతో వినండి. బయట నలుగురికీ జవాబు చెప్పాల్సింది మీరే.