బోణీ కాకముందు అడిగిన మాట

ఈ ఉదయం కోదాడలో, నేను పనిచేసే దుకాణంలో, గద్వాల చీర మడత విప్పగానే గంజివాసన గుప్పుమంది. నా చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్లయినా అంతే. ఆ వాసన వెంట మరియమ్మక్క గుర్తొస్తుంది, ఆమె వెంటే నా సిగ్గూ వస్తుంది.

మిర్యాలగూడలో నేను మొదట చేరిన బట్టల దుకాణంలో చీరల కౌంటరు ఆమెది, నేను ఆమె చేతికింద. త్రిపురారం నుంచి బస్సులో వచ్చే నాకు ఆ జీతమే ఆధారం. పని పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. పవర్‌ప్లాంటు పనులకొచ్చిన తమిళ కుటుంబాలు దుకాణానికి వస్తుండేవి. వాళ్లకూ మాకూ మధ్య అరకొరగా వచ్చిన ఇంగ్లీషే దిక్కు. సీ అనాలా, లుక్ అనాలా, బై అనాలా, టేక్ అనాలా అని బస్సులోనే పెదాలు కదుపుకుంటూ వచ్చేదాన్ని.

ఒకరోజు షట్టరు ఎత్తగానే ఒక తమిళావిడ వచ్చింది. ధైర్యం చేసి, "యూ బై? ఆర్ ఓన్లీ సీ?" అన్నాను. ఆవిడ ముఖం ముడుచుకుని, పట్టుకున్న చీర వదిలేసి మెట్లు దిగిపోయింది. లోపల అగరొత్తులు వెలిగిస్తున్న సేటు గిరుక్కున తిరిగాడు.

"బోణీ గాకముందే గిరాకిని ఎల్లగొట్టిందెవరు?"

నేను నోరు తెరిచేలోపు అక్క నా మణికట్టు గట్టిగా నొక్కింది. "నేనే సేటు. నోరు జారిన."

అక్కకు వయసు మీదపడిందని సేటు అప్పటికే గొణుగుతున్నాడు. ఆ పూటే ఆమెను వెనక జాకెట్టు ముక్కల దగ్గర నిలబెట్టి, ఆమె చోట నన్ను ఉంచాడు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ఏడ్చాను. "నాదే తప్పని చెప్పేస్తనక్కా."

"చెప్తే ఏమైతది? ఇద్దరి పని ఖతం. తిను," అని తన పచ్చడి నా డబ్బాలో వేసింది. "మనోళ్లు వస్తే, కొంటరా, ఊకెనే సూస్తరా అని అడుగుతవా?"

"లేదక్కా. కూసోమంట, మంచినీళ్లిస్త."

"మరి ఆమెనెట్ల అడిగినవ్? ఇంగ్లీషు మాట్లాడితే మర్యాద పోతదా?"

తిట్టినా బాగుండేది. అంతకంటే సిగ్గుచేటు, చెప్పొద్దని ఆమె అన్నప్పుడు నా ప్రాణం కుదుటపడటం. మర్నాటి నుంచి ఆమె పరిచిన తెల్లదుప్పటి మీదే చీరలు విప్పాను. వెనక నుంచి ఆమె ఒక్కసారీ నావైపు నిష్ఠూరంగా చూడలేదు.

ఇవాళ వచ్చినావిడా ఇంగ్లీషే మాట్లాడింది. ఏ మాట ఎక్కడ వాడాలో నాకు ఇప్పటికీ తికమకే. "సిట్ మేడమ్," అని కుర్చీ జరిపాను, మంచినీళ్లిచ్చాను. చీరలన్నీ చూసి, ఏదీ తీసుకోకుండా లేచింది. ఇంకా బోణీ కాలేదు. అయినా మెట్ల దాకా వెళ్లి సాగనంపాను. తిరిగొచ్చి చీర మడతపెడుతుంటే, మణికట్టు మీద అక్క వేళ్లు ఇంకా నొక్కుతున్నట్టే ఉంది.