అంజయ్య కారు, వెనక సీటు

కారు మీద ఎవరైనా అలుగుతారా? చేవెళ్ళ అంజయ్య అలిగాడు. తెల్లటి అంబాసిడర్‌ను పశువుల కొట్టంలోకి తోసి, మీద వరిగడ్డి పేర్చి, ఇరవై ఏళ్లు దాని మొహం చూడలేదు.

కారణం ఊరందరికీ తెలుసు. కన్నతల్లికి, వాళ్లవ్వకు, గుండెనొప్పి వస్తే భార్యను, చిన్న బిడ్డను కూడా ఎక్కించుకుని ఆ కారులోనే పట్నం దవాఖానకు బయల్దేరాడు. మొయినాబాద్ దాటాక కారు వేడెక్కి ఆగిపోయింది. నీళ్లు పోసి, బతిమాలి, తిట్టి కదిలించి దవాఖాన గేటు దగ్గర దింపేసరికి అవ్వ లేదు. "ఈ దరిద్రపుది ఆగకుంటే మా అవ్వ బతికేది" అని ఆయన అనని రోజు లేదు.

మొన్న బిడ్డ స్నిగ్ధ పెళ్లి కుదిరింది. "కిరాయి కారు వద్దు బాపు, మన అంబాసిడర్‌లనే పోత" అంది. అంతే, అలక తీరింది. అంజయ్య గడ్డి తీశాడు, ఎలుక గూళ్లు ఊడ్చాడు, వాకిట్లో కూర్చుని తుప్పు గీకాడు. కార్బొరేటర్ విప్పి బిగిస్తే రెండు స్క్రూలు మిగిలాయి. మళ్లీ విప్పాడు. రేడియేటర్‌ను మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. రోజూ ఇంజను నడిపి దాని ముందే కూర్చునేవాడు. ఈసారి ఆగితే తట్టుకోవడం ఆయన వల్ల కాదు.

భార్య పద్మమ్మ ఆ దిక్కే రాలేదు. రంగులు కూడా అయిపోయాక ఒక పొద్దున వచ్చి, వెనక డోరు తీసి చూసింది.

"ఈ సీటు తీసెయ్. నా బిడ్డ దీని మీద కూసోదు."

"అవ్వ కూసున్న సీటు గదనే. కొత్త కవర్లు కుట్టిస్త."

"కవర్లు గాదు, సీటే వద్దు."

అంజయ్యకు ఒళ్లు మండింది. "ఏం, శకునాలా? గేటు దాకా బతికే ఉన్నది మా అవ్వ. దీంట్ల పాణం పోలే."

పద్మమ్మ సీటు మీద ఆనాడు తాను కూర్చున్న మూల చూపించింది.

"పోయింది. మొయినాబాద్ రాకముందే, నా ఒళ్లనే పోయింది. చెయ్యి చల్లబడ్డది. నువ్వేమో హారన్ కొట్టుకుంట, 'వచ్చినం అవ్వా, వచ్చినం' అనుకుంట నడుపుతున్నవు. ముందు సీట్ల పిల్ల నిద్రపోతున్నది. చెప్తే స్టీరింగ్ మీద నీకు చేతులాడవు, పిల్లతోని అందరం పోతమని నోరు మూసుకున్న."

"కారు ఆగినప్పుడన్న చెప్పకపోతివి?"

"ఏడ్సుకుంట నీళ్లు పోస్తున్నవు. ఎట్ల చెప్త?"

"మరి ఇన్నేండ్లు?"

"దాన్ని తిట్టినన్ని దినాలు, అవ్వ ఎప్పుడు పోయిందని నన్ను అడుగవనుకున్న."

అంజయ్యకు ఏడుపొచ్చింది, దాని వెనకే కోపం కూడా వచ్చింది. ఏ పాపం తెలియని కారును ఇన్నేళ్లు తిట్టించింది ఈ మనిషి. అరవబోయాడు. మొయినాబాద్ ఇవతలి నుంచి పట్నం దాకా చల్లబడిన చెయ్యి పట్టుకుని ఒక్కతే కూర్చున్నదీ ఈ మనిషే. వంగి సీటు పైకి లేపాడు. ఒక్కడి వల్ల కాలేదు. రెండో కొస పద్మమ్మ పట్టుకుంది. ఇద్దరూ మోసుకెళ్లి కొట్టంలో పెట్టారు.

పెళ్లినాడు కొత్త సీటు మీద స్నిగ్ధ, పక్కన పద్మమ్మ కూర్చున్నారు. పెళ్లి మండపం మొయినాబాద్ అవతల. ఆ ఊరు దగ్గర పడుతుంటే స్నిగ్ధ "హారన్ కొట్టు బాపు" అంది. అంజయ్య చెయ్యి హారన్ దాకా పోలేదు. అద్దంలో వెనక్కి చూశాడు. పద్మమ్మ బిడ్డ చేతిని రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"జర మెల్లగ అమ్మా, గాజులు చిట్లుతయ్" అని నవ్వింది స్నిగ్ధ.

మొయినాబాద్ దాటేదాకా పద్మమ్మ ఆ చెయ్యి వదల్లేదు.