గూడు చూపించిన గొంతు

శ్యామలాదేవికి కోపం ముక్కు మీదే ఉంటుందని నాచారంలో ఆ సందంతటికీ తెలుసు. ఉప్పల్ రోడ్డులో ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో ముప్పై ఏళ్లు గాజు సామాను చూసుకున్న మనిషి. సీసా పగిలిందంటే ఎంత పెద్ద సైంటిస్టయినా సరే, నిలబెట్టి దులిపేసేది. రిటైరయ్యాక తిట్టడానికి సైంటిస్టులు దొరక్క కాలనీవాళ్ల మీద పడింది.

ఆవిడ ఇంటి పక్క ఖాళీ ప్లాటు కోర్టు తగాదాలో ఉండి ముళ్లపొదలతో నిండిపోయింది. అందులో ఒక జెముడుకాకి జంట కాపురం. నల్లటి ఒళ్లు, ఇటుకరంగు రెక్కలు, ఎర్రటి కళ్లు. కోకిలకు చుట్టమే గానీ, పరాయి గూట్లో గుడ్డు పెట్టి చక్కా పోయే రకం కాదు. ఆలుమగలు కలిసే గూడు కట్టి, కలిసే పొదుగుతాయి. ఎగరడం అంతంతమాత్రం, కోడిలా నేల మీద నడుస్తూ నత్తల్నీ తొండల్నీ ఏరుకుంటాయి. మనిషి అలికిడైతే పొదలోకి జారుకుంటాయి. గూటికి తిన్నగా ఎప్పుడూ వెళ్లవు. ఎక్కడో దిగి, చుట్టూ తిరిగి, ఎవరూ లేరనుకున్నాకే దూరతాయి. ఆ గూడెక్కడో పట్టుకోవడానికి శ్యామలాదేవికి మూడు వానాకాలాలు పట్టింది. ఎవరికీ చెప్పలేదు.

ఈ శ్రావణంలో కాలనీ ప్రెసిడెంటు మురళీధర్ వచ్చాడు.

"మేడమ్, జెముడుకాకి గూట్ల సంజీవని పుల్ల ఉంటదంట. పారే నీళ్లల్ల ఏస్తే ఎదురెక్కుతదంట. గది అరగదీసి తాపితే మా అమ్మకు దమ్ము తగ్గుతది. గూడు జర సూపియ్యున్రి."

"పుల్ల ఎదురెక్కుతుందా? నీ మొహం! ఆయాసమైతే మీ అమ్మని డాక్టరుకి చూపించు."

"సూపించినం. మందులు పనిజేస్తలేవు."

"అయితే నా పిట్టలేం చేశాయయ్యా? గుడ్ల మీదున్నాయి. అటు అడుగేశావో, కాళ్లు విరగ్గొడతాను!"

మర్నాటినుంచి మురళీధర్ తన బావమరిది తేజేష్‌ను వెంటేసుకుని ప్లాటులో తిరగడం మొదలుపెట్టాడు. శ్యామలాదేవి మేడ మీద కాపలా కూర్చుంది. వాళ్లు గేటు వైపు వెతుకుతుంటే కాఫీ తాగుతూ చూసేది. వెనక గోడ మూలకు రాగానే ఇంటికప్పు ఎగిరిపోయేలా అరిచేది. వాళ్లు వెనక్కి తగ్గేవాళ్లు. నాలుగు రోజులు ఇలాగే గడిచాయి. తన నోటికి జడిశారని ఆవిడకు లోలోపల గర్వంగా కూడా ఉంది.

ఐదోరోజు బ్యాంకు పని మీద లాలాపేట్ వెళ్లి, మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. గోడ మూల పొద చీల్చేసి ఉంది. తెల్లటి గుడ్లు మూడూ మట్టిలో చితికి ఉన్నాయి. మురళీధర్ రోడ్డు పక్క మోరీ దగ్గర గొంతుక్కూర్చుని, గూటి పుల్లల్ని ఒక్కొక్కటే వాననీళ్లలో వేస్తున్నాడు. అన్నీ పల్లానికే కొట్టుకుపోతున్నాయి.

"గూడెవరు చూపించార్రా మీకు?"

మురళీధర్ తలెత్తలేదు. "మీరే సూపిచ్చిన్రు మేడమ్. యాడ తిరిగినా సప్పుడు జెయ్యరు. గా మూలకు పోతెనే మొత్తుకుంటరు. గింకెవరు సెప్పాలె?"

నాలుగు రోజులూ తనేం చేసిందో శ్యామలాదేవికి అప్పుడు అర్థమైంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

మురళీధర్ చేతిలో ఒక్క పుల్ల మిగిలింది. దాన్నీ నీళ్లలో వేశాడు. ఒక్కటైనా ఎదురెక్కితే బాగుండునని, నమ్మకం లేని శ్యామలాదేవి కూడా కళ్లప్పగించి చూసింది.