విఠల్ గొంతు

చేపల వ్యాపారంలో మాట ముందొస్తుంది, కాగితం ఆఖర్న వస్తుంది. కొల్లేటి చెరువు గట్టు మీద నుంచి రైతు "లోడు పంపుతున్నానండీ" అంటే, బెజవాడలో ఈ చివర వ్యాపారి "పంపండి" అనేస్తే బేరం అయిపోయినట్టే. విఠల్ పైకొచ్చింది ఆ ఒక్క మాట మీదే. ఉయ్యూరు బడిపంతులుగారి అబ్బాయి. ఒక్క వ్యానుతో మొదలుపెట్టి ఐసు ఫ్యాక్టరీ, లారీలు, షెడ్డునిండా మనుషుల దాకా వచ్చాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నది ఇతన్ని చూసే అన్నారేమో అని మార్కెట్లో నవ్వుకునేవాళ్ళు.

పనివాళ్ళ ఇంట్లో పెళ్ళయినా, పురుడైనా అతనే స్వయంగా ఫోన్ చేసేవాడు. మనుషులు పెరిగేసరికి ఫోన్లు తగ్గాయి. అది అతనికే చిన్నతనంగా తోచింది. అప్పుడు ఆఫీసులో కంప్యూటర్లు చూసే హర్షవర్ధన్ ఒక ఉపాయం చెప్పాడు. విఠల్ గొంతును ఏఐకి నేర్పిస్తే అతని బదులు అదే ఫోన్ చేసి పలకరిస్తుంది, అవతలివాళ్ళు ఏమన్నా అడిగితే జవాబూ చెబుతుంది.

"కాకపోతే సార్, మాట్లాడేది మెషీనని ముందే చెప్పించాలండీ. లేకపోతే మోసమవుద్దండి."

"మెషీనని చెబితే ఇక నేను ఫోన్ చేసినట్టెలా అవుద్దయ్యా? ఆ ముక్క తీసెయ్."

తీసేశారు. పుట్టినరోజు ఫోన్లు అందుకున్నవాళ్ళు ఎదురుపడి దండం పెడుతుంటే విఠల్ సిగ్గులేకుండా తలూపేవాడు. సిగ్గులేకుండా అన్నది తర్వాత అతను తనను తానే తిట్టుకున్న మాట. అప్పట్లో మాత్రం వ్యాపారుల సమావేశంలో మైకు పట్టుకుని "టెక్నాలజీ ఎంతొచ్చినా మనం మనిషితనం వదలకూడదు" అని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు.

ఆ సమావేశం రోజే జక్కయ్య పోయాడు. విఠల్ మొదటి వ్యాను నడిపిన డ్రైవరు. విఠల్ ఆ కబురు ఫోన్లో చూసేసరికి అవతల వేదిక మీదికి తన పేరు పిలుస్తున్నారు. "పరామర్శ ఫోను వెళ్ళిపోనీ" అని హర్షవర్ధన్‌కి మెసేజ్ పెట్టి లేచాడు. తర్వాత వెళ్దాంలే అనుకున్నాడు. ఫోను వెళ్ళిందన్న ధీమా ఉన్నవాడికి కాలు కదలదు.

జక్కయ్య కూతురు కనకదుర్గ అతని షెడ్డులోనే సూపర్‌వైజరు. పెద్దకర్మ అయ్యాక పనిలోకి వచ్చింది. విఠల్ ఎదురెళ్ళి పలకరించాడు. ఆమె తలెత్తలేదు.

"రాలేనంటే సరిపోయేదండీ. మీరొస్తానన్నారని మా అమ్మ మొదటి బంతి ఆపించేసిందండి. విస్తళ్ళ ముందు అందరూ కూర్చున్నారు. మీ ఓనరు కోసం ఎంతసేపు కూర్చోబెడతారని పెద్దోళ్ళు తినకుండా లేచెళ్ళిపోయారండి."

నేనెప్పుడన్నానమ్మా అనబోయి ఆగిపోయాడు. తేలు కుట్టిన దొంగలా తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుని, హర్షవర్ధన్‌ని పిలిచి ఆ ఫోన్ రికార్డింగు పెట్టించుకున్నాడు.

జక్కయ్య భార్య పెద్దింట్లమ్మ ఏడుస్తోంది. విఠల్ గొంతు ఓపిగ్గా ఊకొడుతోంది. "జక్కయ్య నాకు తమ్ముడిలాంటోడమ్మా" అంటోంది. జక్కయ్య బతికుండగా విఠల్ అతనితో ఆ మాట ఎన్నడూ అనలేదు. "పెద్దకర్మకి వస్తారా బాబుగారూ? మీరొస్తే ఆయన ఆత్మ శాంతిస్తుందండి" అని ఆవిడ అడిగితే, "తప్పకుండా వస్తానమ్మా" అంది ఆ గొంతు.

తనకంటే మంచివాడొకడు తన గొంతులో మాట్లాడటం విన్న విఠల్‌కి తల కొట్టేసినట్టయింది. హర్షవర్ధన్ నేలచూపులు చూస్తున్నాడు. అతన్ని తిట్టడానికి కూడా విఠల్‌కి మొహం చెల్లలేదు.

ఆ మధ్యాహ్నమే కారు తీశాడు. గుడివాడ దాటి కైకలూరు చేరేదాకా అబద్ధాలే సులువుగా తోచాయి. జ్వరమొచ్చిందనొచ్చు, ఢిల్లీ వెళ్ళాననొచ్చు. కొల్లేటి ఒడ్డున జక్కయ్య ఇంటి అరుగు మీద పెద్దింట్లమ్మ కూర్చునుంది. అతనికి అబద్ధమాడే శ్రమ కూడా ఇవ్వలేదు.

"పనుల్లో కుదరలేదేమోలెండి బాబుగారూ. ఆ రోజు ఫోన్లో నా గోడంతా విన్నారు. నా సొంత అన్నదమ్ములు కూడా అంతసేపు వినలేదండి. అది చాలు నాకు."

తలూపితే అయిపోయేది. పుట్టినరోజులకు ఊపిన తలే. ఊపితే జక్కయ్య ఇంట్లో కలకాలం మంచివాడిగా ఉండిపోవచ్చు, ఆవిడకు దక్కిన ఓదార్పూ చెడదు. నిజం చెప్పేది ఆవిడ కోసమా, తన బరువు దించుకోవడానికా అన్నది కూడా అతనికి తేలలేదు. కానీ ఆ మంచితనం తనది కాదు. దాన్ని తీసుకోలేకపోయాడు.

"ఆ మాట్లాడింది నేను కాదమ్మా. నా గొంతుతో మాట్లాడే మెషీను. ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నది మాత్రం నేనే."

పెద్దింట్లమ్మకు మొదట అర్థం కాలేదు. ఇంకోసారి చెప్పాడు. చెబుతుంటే అతని గొంతు అతనికే పరాయిగా వినిపించింది. ఆవిడ అతని మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండునని విఠల్ అనుకున్నాడు.

"మరి నేను ఎవరి దగ్గర ఏడ్చానండీ?" అంది.

ఫోన్లో అంత ధారాళంగా ఏడ్చిన మనిషి, ఇప్పుడు అసలు విఠల్ ఎదురుగా నిలబడి ఉంటే, పక్కకు తిరిగి, ఏడుపు వినపడకుండా కొంగు నోట్లో కుక్కుకుంది.